మసకలో పడిన గుర్రం

"చూడు ఎర్నిస్, ఇంకోసారి చూడు. ఇందులో నా కొడుకెక్కడున్నాడో వేలు పెట్టి చూపించు," అంటూ బురుల్ ఫోను తీసుకొచ్చి మరిది టీ గిన్నెకి ఆనించి నిలబెట్టింది.

ఎర్నిస్ చూడలేదు. ఆ వీడియో తీసింది తనే, కొత్తగా చూడాల్సింది ఏమీ లేదు. పొద్దున్నుంచీ వదిన దాన్ని వేస్తూనే ఉంది. ఆ డెక్కల చప్పుడు మధ్యనే ఆ ఇంట్లో పొయ్యి రాజుకుంది, రొట్టె తెగింది.

"అదిగో నీ బావమరిది. చెమటబొట్లు లెక్కపెట్టుకోవచ్చు. పెదవి మీద చిన్నప్పటి గాటు కూడా కనిపిస్తోంది. పెళ్ళికొడుకుని తీసినట్టు తీశావు. వాడి భుజం వెనకాల బూడిదరంగు ముద్దొకటి ఉంది చూడు, అది నా అస్కత్. ఆ ముద్ద కింద పడుతోందే, అదే వాడి తుంటి విరగడం."

"ఆ కెమెరా అలాగే తీస్తుంది వదినా."

"మిగతావి అలా తియ్యవేం?"

"అవి ఆట తీసేవి. ఇది సినిమా కెమెరా. ఒక్క మనిషిని పట్టుకుంటుంది, చుట్టూ ఉన్నదంతా కరిగిపోతుంది. అందంగా ఉంటుందనే ఈ ఏడు తెచ్చారు."

"అందంగానే ఉంది. దేశమంతా అదే అంటోందిగా," అంది బురుల్.

ఆ మాట మాత్రం నిజం. గుర్రాలెక్కి ఆడే కోక్‌బోరు ఆటని మా వాళ్ళు ఇన్నేళ్ళూ టీవీలో దూరం నుంచే చూశారు. దుమ్ములో ఇరవై కాళ్ళ జంతువేదో మేక కళేబరాన్ని ఈడ్చుకుంటూ అటూ ఇటూ పరిగెడుతున్నట్టుండేది. ఈసారి టీవీవాళ్ళు మైదానం అంచున సినిమా కెమెరా ఇచ్చి ఎర్నిస్‌ని నిలబెట్టారు. రౌతు కనురెప్ప మీది దుమ్ము కూడా కనిపించేసరికి, ఎవరు గెలుస్తున్నారో కూడా మరిచిపోయి జనం మొహాలు చూస్తూ కూచున్నారు. సెమీఫైనల్లో చివరి గోలు వేసిన ఆ బావమరిది బెలెక్ మొహాన్ని ఇప్పుడు బిష్కెక్‌లో బస్సుల మీద అతికించారు. ఆదివారం జరిగే ఫైనల్‌కి అదే ప్రకటన.

ఆ మొహం వెనకాలే, అవతలి జట్టులో ఆడుతున్న అస్కత్ గుర్రం కూలింది. ఎందుకు కూలిందో ఏ కెమెరాలోనూ దొరకలేదు. పైనుంచి తీసినవాటిలో దుమ్ము ఉంది, ఎర్నిస్ తీసినదాంట్లో మసక ఉంది.

"కంప్యూటర్లో పెట్టి తేట చెయ్యలేవా? మన పక్కింటి పిల్ల పాత ఫోటోలో వాళ్ళ తాతకి లేని మీసం కూడా తెప్పించింది," అంది బురుల్.

"లేనిది తెప్పించొచ్చు వదినా. ఉన్నదే తెప్పించలేం. తీసినప్పుడు మసకైతే ఇక అంతే. తుడిస్తే బయటపడ్డానికి లోపలేం లేదు."

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే." బురుల్ ఫోను లాక్కుంది. తర్వాత ఆమె చూపు టీ కాచే సమోవార్ దగ్గర కూచున్న తోడికోడలి మీద పడింది. "నీకేం సైకాల్. నీ తమ్ముడు బస్సెక్కాడు, నా కొడుకు మంచమెక్కాడు."

సైకాల్ తలగుడ్డ సర్దుకుని, వదులుగా ఉన్న మూత బిగించి, మామగారి చోట ఉన్న ఖాళీ గిన్నెలో, మర్యాద ప్రకారం, సగం వరకే టీ పోసింది. ఆట ముగించుకుని ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఏ మాటకీ జవాబు చెప్పడం లేదు. బురుల్ దాన్ని పొగరనుకుంది. అలసట కూడా దూరం నుంచి చూస్తే అలాగే ఉంటుంది.

బురుల్‌ని తప్పుపట్టలేం. మొగుడు రష్యాలో ఇళ్ళు కడుతున్నాడు, ఒక్కగానొక్క కొడుకు నరిన్ ఆస్పత్రిలో కాలికి బరువు కట్టించుకుని పడుకున్నాడు. ఎవరి మీద అరవాలో తెలియక దగ్గరున్నవాళ్ళ మీద అరుస్తోంది. మా కోచ్‌కోర్ లోయలో ఏ ఆడదైనా అదే చేస్తుంది.

అప్పుడు మామగారు, ముసలాయన సరిబాయ్, పెరట్లోంచి లోపలికొచ్చాడు. బూట్లు విప్పి, ఎవరి మొహమూ చూడకుండా తన చోట కూచున్నాడు.

"జాపార్‌కి కబురు పెట్టాను. నమాజు చూసుకుని వస్తానన్నాడు," అన్నాడు.

జాపార్ ఊరి కసాయి. ఆయన ఎందుకొస్తున్నాడో ఎవరూ అడగలేదు.

"కష్కాకి ఎడమ కన్ను పోయింది," అన్నాడు ముసలాయన టీ ఊదుకుంటూ. కష్కా అంటే అస్కత్ ఎక్కిన గుర్రం. "ఉబ్బు పడినప్పటిది గానీ, చూపు ఎప్పుడో పోయుంటుంది. మనం చూసుకోలేదు. కన్ను లేని గుర్రం మూకలో పరిగెత్తితే పడక ఏం చేస్తుంది? వాడిది కాదు తప్పు, దానిదీ కాదు. ఎక్కనిచ్చినందుకు నాదే. కానీ మనిషి మీద పడ్డ గుర్రాన్ని నా తండ్రి ఇంట్లో ఉంచలేదు, నేనూ ఉంచను."

"అస్కత్ ఏమంటున్నాడు?" అన్నాడు ఎర్నిస్.

"వాడికేం గుర్తులేదు. కష్కా తొట్రుపడే గుర్రం కాదంటాడు. దానికేం చెయ్యొద్దంటాడు," అంది బురుల్. "నిన్న అడిగితే గడ్డి మేస్తోందని చెప్పాను. రేపడిగితే ఏం చెప్పాలో మీరే చెప్పండి మామయ్యా. గుడ్డి గుర్రమెక్కి ఆడినవాడని వాడి జట్టువాళ్ళే ఇప్పటికే వాడి పేరు తీసేశారు."

ముసలాయన గిన్నె బోర్లించాడు. ఇక టీ వద్దని.

సైకాల్ లేచి, చల్లారిన టీ ఒక గిన్నెలో వంపుకుని బయటికి నడిచింది.

*

గుర్రపుసాలలో కష్కా గోడకి ఒరిగి నిలబడింది. నుదుటి మీద తెల్లచార ఉన్న ఎర్ర గుర్రం. ఎడమ కన్ను ఉబ్బి, రెప్ప మూసుకుపోయింది. సైకాల్ తలగుడ్డ కొస టీలో ముంచి ఆ రెప్ప మీద అద్దుతోంది. అది కదలకుండా నిలబడి ఉంది.

ఎర్నిస్ తలుపు దగ్గర ఆగాడు.

"ఉబ్బు తగ్గిందా?"

"తగ్గలేదండి. కన్ను మాత్రం పోలేదు. వెలుతురు తగిలితే రెప్ప అదురుతోంది. మామయ్యకి మీరు చెప్తే బాగుంటుంది."

"ఇక్కడెవరూ లేరు సైకాల్. మామూలుగా మాట్లాడు."

వీళ్ళిద్దరి సంగతి ఇంట్లోవాళ్ళకి సరిగ్గా తెలియదు. సైకాల్ మొగుడి వెంట తిరిగి వైర్లు మోస్తుందని అందరి నమ్మకం. నిజానికి ఆ కెమెరా ఒక్క మనిషితో నడిచేది కాదు. మోసేవాడు ఎర్నిస్. తేటగా ఎవరు కనపడాలో నిర్ణయించేది సైకాల్. ఆమె కాస్త దూరంలో తెర ముందు కూచుని చేతిలో ఓ చిన్న చక్రం పట్టుకుంటుంది. దాన్ని వెంట్రుకవాసి తిప్పితే ముందున్న మొహం తేటపడి వెనకున్నది కరుగుతుంది, ఇటు తిప్పితే అది కరిగి ఇది తేటపడుతుంది. సినిమాలో అయితే తప్పితే మళ్ళీ తీసుకోవచ్చు. ఇక్కడ గుర్రాలు మళ్ళీ పరిగెత్తవు.

మైదానంలో ఆమె చెవికి పెట్టుకున్న హెడ్‌సెట్‌లో అతనితో మాట్లాడుతుంది. 'ఆగు', 'కదలకు', 'కుడికి పో', 'చెప్పకుండా ఎందుకు కదిలావు' అని. అక్కడ 'నువ్వు', ఇంట్లో 'మీరు'. మొగుణ్ణి అంతమంది వినేలా గద్దించే కోడలు మా లోయలో ఇంకెవరూ లేరు. ఆ సంగతి ముసలాయనకి తెలిస్తే ఏమయ్యేదో గానీ ఎర్నిస్‌కి మాత్రం ఆ గద్దింపు ఇష్టం. ఇంట్లో 'మీరు' అన్నప్పుడల్లా ఆమె ఎవరో పరాయిదానిలా అనిపించేది.

"సరే, మామూలుగానే మాట్లాడతాను," అంది సైకాల్. "ఆ రోజు నువ్వు చెప్పకుండా ముందుకి జరిగావు. చెప్పకుండా జరిగితే నాకు దూరం ఎలా తెలుస్తుంది? ఎక్కడో ఓ చోట ఆపాలి కదా."

"నేను జరగలేదు."

"జరిగావు."

"సైకాల్, నా కాళ్ళు నాకు తెలియవా? గుర్రాలు మీదికొస్తుంటే ఎవడైనా వెనక్కి జరుగుతాడు గానీ ముందుకి జరుగుతాడా? నేను కదల్లేదు."

ఆమె గుడ్డ పిండింది. గోధుమరంగు నీళ్ళు గడ్డి మీద పడ్డాయి.

"అయితే డైరెక్టర్ అడిగాడు. మొహం కావాలి, మొహం కావాలి అని చెవిలో అరిచాడు. నువ్వూ విన్నావు."

"విన్నాను. ఆయన అరిచేసరికే బెలెక్ మొహం తేటగా ఉంది. నువ్వు అప్పటికే తిప్పేశావు."

సైకాల్ గుర్రం వైపే చూస్తోంది.

"దానికి ముందు దేని మీద ఉంది?" అన్నాడు ఎర్నిస్.

"నీకు తెలుసు."

"నువ్వు చెప్పు."

"కష్కా తల మీద."

"కష్కా తల మీదికి ఏమొచ్చింది? నా దగ్గరున్నది అరచేతంత తెర, అందులో దుమ్ము. సరిగా కనపడలేదు. నీ దగ్గర పెద్ద తెర ఉంది."

బయట కోళ్ళు అరుస్తున్నాయి. బురుల్ వాటిని తిడుతోంది. వాటి తర్వాత పొయ్యిని తిట్టింది.

"కొరడా," అంది సైకాల్.

వాళ్ళ మధ్య ఆ మాట పుట్టడం అదే మొదటిసారి. సెమీఫైనల్ అయ్యాక సామాన్లు సర్దుకున్నారు, ఆస్పత్రికి పరిగెత్తారు, బండిలో పక్కపక్కన కూచుని కనుమ దాటి వచ్చారు, ఒకే దుప్పటి కింద పడుకున్నారు. ఆ మాట మాత్రం ఇద్దరి మధ్యా అడ్డంగా పడుకుంది.

"ఇన్నాళ్ళూ అడగలేదేం?" అంది ఆమె.

"నువ్వే చెప్తావనుకున్నాను."

"నువ్వే అడుగుతావనుకున్నాను."

ఇద్దరికీ కోపం రావాల్సింది. ఎవరికీ ఓపిక లేదు. ఎర్నిస్ గడ్డిమోపు మీద కూలబడ్డాడు. ఏడెనిమిదేళ్ళుగా బరువు మోసిన భుజం ఒకవైపుకి వాలిపోయి ఉంది.

"కావాలని కాదు," అంది సైకాల్. "అలా అంటే నువ్వు నమ్మవు. బెలెక్ పళ్ళతో కరిచిపట్టుకున్న కొరడా తీశాడు. ఎత్తాడు. దీని కళ్ళ మీద వేశాడు. నేను అనుకున్నది ఏమీ లేదు. అమ్మ పోయినప్పుడు వాడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. నేనే తల దువ్వి బడికి పంపాను. దెబ్బలాడి వస్తే నేనే మొహం కడిగి నాన్నకి తెలియకుండా పడుకోబెట్టాను. ఆ రోజూ అంతే. చెయ్యి తిరిగిపోయింది."

"చెయ్యి నీదే కదా."

"నాదే. ఎవరిదన్నాను?"

కష్కా మూతి తెచ్చి ఆమె అరచేతిలో పెట్టింది. ఉప్పు కోసమో, అలవాటు చొప్పునో.

"దీన్ని చంపేస్తారు సైకాల్."

"గుర్రమే కదా," అంది ఆమె. ఆ మాట అనగానే ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. చెయ్యి మాత్రం గుర్రం మూతి కిందే ఉంచింది.

"గుర్రం ఒక్కటే కాదు. అస్కత్ గుడ్డి గుర్రమెక్కినవాడిగా మిగిలిపోతాడు. వాడు లేచి నడిచినా, మళ్ళీ జీనెక్కినా ఏ జట్టూ పిలవదు."

"నేను నోరు విప్పితే బెలెక్‌ని పిలవరు. ఆదివారం కాదు, ఇంకెప్పుడూ పిలవరు. వాడికి ఇంకే పనీ రాదు ఎర్నిస్. గుర్రం దిగితే సరిగ్గా నడవడం కూడా రానివాడు." ఆమె మొదటిసారి మొగుడి వైపు తిరిగింది. "నువ్వు నా చోట ఉంటే ఏం చేస్తావు?"

ఎర్నిస్ వాలిన భుజం నొక్కుకున్నాడు.

"నాకు తెలియదు," అన్నాడు. "అలిసిపోయాను."

అది సాకు కాదని ఆమెకి తెలుసు. ఆమె కూడా అలిసిపోయింది. ఒక మొహాన్ని తేటగా ఉంచడం కోసం పొద్దస్తమానం ఊపిరి బిగపట్టే పని వాళ్ళది. ఇంటికొచ్చాక కూడా ఆ ఊపిరి వదిలే వీలు లేకుండా పోయింది.

గేటు బయట బండి ఆగిన చప్పుడైంది. జాపార్ వచ్చాడు.

*

జాపార్ మంచి మనిషి. కత్తులు గుడ్డలో చుట్టి బండిలోనే ఉంచి, ముందు పెద్దాయన చెయ్యి పట్టుకుని పరామర్శ చేశాడు. కుర్రాడెలా ఉన్నాడు, తుంటి అతుక్కుంటుందట కదా, వయసులో ఉన్న ఎముక పచ్చి కొమ్మలాంటిది అని నాలుగు మంచి మాటలు చెప్పాడు. గుమ్మం ముందున్న చెక్కమంచె మీద బట్ట పరిచారు. బురుల్ నూనెలో వేయించిన రొట్టెముక్కలు, బోర్సోక్‌లు, తెచ్చి పోసింది. సైకాల్ కెటిల్ పట్టుకుని అందరి గిన్నెల్లోనూ టీ పోస్తూ తిరుగుతోంది.

"ఇంత మంచి గుర్రం," అన్నాడు జాపార్. "చూస్తే చెయ్యి రావడం లేదు సరిబాయ్."

"రప్పించుకో," అన్నాడు ముసలాయన.

ఎర్నిస్ సాలలోకెళ్ళి కష్కాని తీసుకొచ్చాడు. అది గుమ్మం ముందు నిలబడి బట్ట మీది రొట్టె వాసన చూసింది.

పెద్దాయన దోసిలి చాచి దీవెన పలకాలి, ఇంట్లోవాళ్ళంతా చేతులు చాచి 'ఓమిన్' అని అరచేతులతో మొహం తుడుచుకోవాలి. అది కానిదే మా ఇళ్ళలో కోడి మెడ మీద కూడా కత్తి పడదు. ఇంట్లో ఒక్కరు చెయ్యి చాచకపోయినా ఆ మాంసం గొంతు దిగదంటారు. అందుకని మంచం మీదున్నవాళ్ళని కూడా లేపి కూచోబెడతారు.

ముసలాయన చేతులు చాచాడు. జాపార్ చాచాడు. బురుల్ కళ్ళు మూసుకుని చాచింది. ఎర్నిస్ పగ్గం మోచేతికి తగిలించుకుని అరచేతులు తెరిచాడు.

సైకాల్ కెటిల్ పట్టుకుని అలాగే నిలబడింది.

ముసలాయన ఆగాడు. కోడలి వైపు నేరుగా చూడడం మర్యాద కాదని కెటిల్ వైపు చూశాడు.

"అది కింద పెట్టు," అంది బురుల్ మెల్లగా.

సైకాల్ పెట్టలేదు.

"సైకాల్, నిన్నే. చేతులు చాచు. ఏడవాల్సినదాన్ని నేను చాచాను, నీకేమైంది?"

"చాచలేను అక్కా."

"ఎందుకు చాచలేవు? నీ చేతుల్లో ఏముంది?"

సైకాల్ నోరు విప్పేలోపే ఎర్నిస్ మాట్లాడాడు.

"నాన్నా, చేతులు దించు. గుర్రానిది తప్పు కాదు. దాని కన్ను పరిగెత్తకముందు పోలేదు. దాని మొహం మీద కొరడా దెబ్బ పడింది. అందుకే ముందరి కాళ్ళు ఎత్తింది, అందుకే పడింది."



"ఎవరు కొట్టారు?" అన్నాడు ముసలాయన. చేతులింకా చాచే ఉన్నాయి.

"బెలెక్."

బురుల్ కళ్ళు తెరిచింది. "పొద్దున్నుంచీ నోరు పోయేలా అడుగుతున్నాను. లోపలేం లేదన్నావు. తుడిస్తే బయటపడేదేం లేదన్నావు."

"కెమెరాలో లేదు వదినా. చూసినవాడి కంట్లో ఉంది. నేను చూశాను. చూసి మసక చేశాను."

"బావమరిది కోసమా?"

"అవును."

"అన్న కొడుకు కింద పడి నలుగుతుంటే బావమరిది మొహం తీశావా?"

"తీశాను."

ఎర్నిస్ చాలా నేర్పుగా మోశాడు ఆ అబద్ధాన్ని, కెమెరాని మోసినట్టే. ఎక్కడా కుదుపు లేదు. ఇక సైకాల్ చెయ్యాల్సింది ఏమీ మిగల్లేదు. గుర్రం బతుకుతుంది. అస్కత్ పేరు నిలబడుతుంది. బెలెక్ పేరు ఎలాగూ పోయింది. ఎర్నిస్ ఈ ఇంటి కొడుకు, తిడతారు, ఏడాది తిరిగేసరికి క్షమిస్తారు. ఆమె ఊరికే నిలబడి ఉంటే చాలు. ఇన్నాళ్ళూ చేసిన పనే అది.

కానీ మొగుడి వాలిన భుజం చూస్తే ఆమెకి దుఃఖం వచ్చింది. ఆ భుజం మీద ఇది కూడా పెట్టడం ఆమెకి సాధ్యం కాలేదు.

ఆమె కెటిల్ బట్ట అంచున దించింది.

"మామయ్యా, ఆయన చూళ్ళేదు," అంది.

అది ఇంట్లో వాడే గొంతు కాదు. ఆ గొంతు అక్కడ ఎర్నిస్ ఒక్కడికే తెలుసు. మిగతావాళ్ళు ఇంకెవరో వచ్చారన్నట్టు తలెత్తి చూశారు.

"ఆయన కెమెరా మోస్తారు, అంతే. అందులో ఎవరు తేటగా కనపడాలో, ఎవరు కరిగిపోవాలో తిప్పేది నేను. వైర్లు మొయ్యను. వేరే చోట తెర ముందు కూచుని చక్రం తిప్పుతాను. బెలెక్ కొరడా ఎత్తడం చూశాను. కష్కా కళ్ళ మీద వెయ్యడం చూశాను. చూశాకే తిప్పాను. ఆయనకి తెలిసింది ఒక్కటే, నేను తిప్పానని."

"సైకాల్," అన్నాడు ఎర్నిస్.

"నువ్వాగు," అంది ఆమె. మామగారి ఎదుట మొగుణ్ణి 'నువ్వు' అంది. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

కష్కా ఈగల్ని తోలుకుంటూ తల విదిలించింది. పగ్గం ఎర్నిస్ మోచేతి మీద కదిలింది.

ముసలాయన చేతులు దించేశాడు. మొహం తుడుచుకోలేదు. ఓమిన్ అనలేదు.

"జాపార్, టీ తాగి వెళ్ళు," అన్నాడు.

"తాగుతాను," అన్నాడు జాపార్.

అప్పుడు బురుల్ లేచింది. పొద్దున్నుంచీ కోడితోనూ పొయ్యితోనూ కూడా పోట్లాడిన మనిషి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. చేసినదానికి ఆమె తిడుతుందని, జుట్టు పట్టుకుంటుందని సైకాల్ ఎదురుచూసింది. అలా చేస్తే బాగుండునని కూడా అనుకుంది. బురుల్ వంగి కెటిల్ అందుకుంది. టీ పోసే చిన్నకోడలు కూచునే చోట తను కూచుంది. మామగారికి పోసింది, జాపార్‌కి పోసింది, మరిదికి పోసింది. తనకి పోసుకుంది. మిగిలిన సైకాల్ గిన్నెని బోర్లించి బట్ట చివరికి జరిపింది.

ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో సైకాల్‌కి తెలియలేదు.

ఎర్నిస్ తన గిన్నె ఆమె వైపు జరపబోయాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"కూచో అమ్మా," అన్నాడు ముసలాయన. ఆమె మంచె అంచున కూచుంది. "నువ్వు చెప్పింది నేను విన్నాను. కానీ అక్కడ లేనివాడి మీద ఒక్కరి మాట విని తీర్పు చెప్పేవాణ్ణి కాదు. నీ దగ్గర ఫోనుందా?"

"ఉంది మామయ్యా."

"నీ తమ్ముడితో మాట్లాడు. మేం వింటున్నామని చెప్పకు. నువ్వు చూశావని చెప్పు, అంతే. వాడేమంటాడో వాడినే అననీ."

"నాన్నా, అది న్యాయం కాదు," అన్నాడు ఎర్నిస్.

"కొరడా న్యాయమా?" అన్నాడు ముసలాయన.

సైకాల్ నంబరు నొక్కింది. అందరికీ వినిపించేలా ఫోనుని బట్ట మీద, బోర్సోక్‌ల పక్కన పెట్టింది. వాడు ఎత్తకూడదని కోరుకుంది. ఎత్తితే, అక్కా నేను కొట్టలేదు, నీకు అలా కనిపించిందంతే అని అబద్ధమైనా చెప్పాలని కోరుకుంది. తను పొరపడ్డానని ఒప్పుకోవడానికి ఆమె సిద్ధంగానే ఉంది.

వాడు వెంటనే ఎత్తాడు. వెనకాల గుర్రాల సకిలింపులు, ఎవరివో నవ్వులు.

"అక్కా, ఏంటి ఈ వేళప్పుడు? బావ బాగున్నాడా? అస్కత్ లేచాడా?"

"లేవలేదు," అంది సైకాల్. "బెలెక్, నేను ఆ రోజు చూశాను. కష్కా కళ్ళ మీద నువ్వు కొరడా వెయ్యడం చూశాను."

నవ్వులు దూరమయ్యాయి. వాడు నడుచుకుంటూ పక్కకి పోతున్నట్టున్నాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు తగ్గించాడు గానీ, అందులో భయం లేదు, ముద్దుగా ఉంది. చిన్నప్పుడు దెబ్బలాడి వచ్చి ఆమె ఒళ్ళో మొహం దాచుకున్నప్పటి గొంతు.

"చూస్తావనే అనుకున్నానక్కా. చక్రం నీ చేతిలో ఉందని తెలిసేగా వాణ్ణి మీ కెమెరా వైపుకి లాక్కొచ్చింది. ఇంకో పక్కనైతే చెయ్యి ఎత్తేవాణ్ణా? నాకంత బుద్ధి లేదా?" వాడు చిన్నగా నవ్వాడు. "అది సరే గానీ, ఆదివారం కూడా నువ్వే కదా కూచునేది?"

సైకాల్ ఫోను ఆపడానికి చెయ్యి చాచింది.

"ఆపకు," అన్నాడు ముసలాయన. "వాడేదో అడిగాడు. జవాబు చెప్పు."